రికార్డు రాసే అమ్మాయి చేతికి మల్టీమీటర్ ఇవ్వండి

ఇంజనీరింగ్ చదవాలనుకునే అమ్మాయికి "వద్దు" అని ముఖం మీద చెప్పేవాళ్లు ఇప్పుడు తక్కువ. ఆమె ఉత్సాహాన్ని నీరుగార్చే మాటలు చాలావరకు అయినవాళ్ల నోటి నుంచే, ఎంతో మెత్తగా, ఆమె మేలు కోరి చెప్పినట్టుగానే వస్తాయి. "మెకానికల్ అంటే గ్రీజు, మసి, బరువులు, ఎందుకమ్మా ఆ అవస్థ?" అని ఒకరంటారు. "నీకు చెప్పే నేర్పు ఉంది కదా, టీచర్ ఉద్యోగమైతే హాయిగా ఉంటుంది" అని ఇంకొకరంటారు. ఉద్యోగంలో చేరాక కూడా, "కోడింగ్ అంటే రాత్రీపగలూ తేడా ఉండదు, టెస్టింగ్ తీసుకుంటే వేళకు ఇంటికి వెళ్లొచ్చు" అని సలహా ఇచ్చే పెద్దమనిషి ఒకరు తారసపడతారు. వీటిలో ఏ ఒక్క మాటకూ ఆమెను ఆపే బలం లేదు. ఎదురు తిరిగి వాదించడానికి కూడా మనసొప్పదు, ఎందుకంటే ఆ మాట అన్నవాళ్లకు ఆమె అంటే నిజంగానే ప్రేమ. కానీ చిన్ననాటి నుంచి ఇవే వింటూ పెరిగిన పిల్ల, కోర్సు ఎంచుకోవలసిన రోజున "నాకు ఇది సరిపడదేమో" అని తానే అంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు "ఆమెకే ఇష్టం లేదు, మనమేం చేస్తాం" అనుకుని నిశ్చింతగా ఉండిపోతారు.

నేను చాలాకాలంగా ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులకు పాఠాలు చెబుతూ, వారి ప్రయోగశాల తరగతులు చూస్తూ ఉన్నాను. అమ్మాయిలను ప్రోత్సహించాలని వేదికల మీద చెప్పే మాటల పట్ల నాకు గౌరవమే ఉంది. అయితే ఒక అమ్మాయి ఈ రంగంలో నిలదొక్కుకుంటుందా లేదా అన్నది ఆ ప్రసంగాలతో తేలదు. పనిముట్టు ఆమె చేతికి ఎంత తరచుగా వచ్చింది, చేస్తున్న పని మొరాయించినప్పుడు ఎవరూ లాక్కోకుండా ఆమెను ఎంతసేపు దాని ముందు ఉండనిచ్చారు అన్నదాని మీదే అది ఎక్కువగా ఆధారపడి ఉంటుందని నా గట్టి నమ్మకం.

ప్రయోగశాలలో ముగ్గురు నలుగురు విద్యార్థులు ఒక బల్ల దగ్గర కలిసి పనిచేస్తారు. ఆ జట్టులో ఒకే ఒక అమ్మాయి ఉంటే రికార్డు పుస్తకం దాదాపు ఎప్పుడూ ఆమె ముందుకే వస్తుంది. ఎవరూ ఆజ్ఞాపించరు. "నీ చేతిరాత బాగుంటుంది, రీడింగులు నువ్వు రాసెయ్" అని ఒక అబ్బాయి మర్యాదగానే అంటాడు, ఆమె కూడా కాదనదు, ఎందుకంటే రాయడం ఆమెకు తెలిసిన పని, అందులో తప్పు జరగదు. వైర్లు కలిపేది, నాబ్ తిప్పేది, పొగ వస్తే స్విచ్ కట్టేసి నవ్వుకునేది మిగతావాళ్లు. సంవత్సరం తిరిగేసరికి వాళ్లకు చేయి తిరుగుతుంది, ఈమెకు రాత తిరుగుతుంది. పరీక్షలో మార్కులు ఈమెకే ఎక్కువ వస్తాయి కూడా. అయినా చివరి సంవత్సరం ప్రాజెక్టు దగ్గరికి వచ్చేసరికి ఒక బోర్డును ముట్టుకోవడానికి జంకుతుంది. ఆ జంకును చూసినవాళ్లు "అమ్మాయిలకు థియరీ బాగా వస్తుంది, ప్రాక్టికల్ రాదు" అని తేల్చేస్తారు. ఆ పిల్లకు రానిది ప్రాక్టికల్ చేసే అవకాశం మాత్రమేనని ఆ బల్ల దగ్గర నిలబడి చూసినవారికి తప్ప తెలియదు.

అందుకే మా తరగతిలో పనులను వారం వారం మార్చే పద్ధతి పెట్టాను. ఈ వారం రాసినవారు వచ్చేవారం రాయకూడదు, కనెక్షన్లు ఇవ్వాలి. ఒకసారి అంతకుముందు ఎప్పుడూ రికార్డుకే పరిమితమైన ఒక విద్యార్థినికి 555 టైమర్ అనే చిప్‌తో ఎల్ఈడీని వెలిగించి ఆర్పే సర్క్యూట్ వంతు వచ్చింది. అంతా కలిపి పవర్ ఇచ్చింది, ఎల్ఈడీ వెలగలేదు. వైర్లన్నీ ఒక్కొక్కటిగా సరిచూసింది, చిప్ మార్చింది, అయినా లాభం లేదు. పక్కనున్న అబ్బాయి సాయం చేద్దామని చేయి చాచబోతే, కాసేపు ఆగమని నేను అతనికి సైగ చేశాను. ఆమె వోల్టేజి కొలిచే పరికరమైన మల్టీమీటర్ తీసుకుని, వైర్లు గుచ్చి సర్క్యూట్ కట్టే బ్రెడ్‌బోర్డు అంచున ఉండే ఎర్రగీత వెంట వోల్టేజి చూడటం మొదలుపెట్టింది. ఒక చివర 5 వోల్టులు చూపించింది. ఒక్కొక్క రంధ్రమే దాటుకుంటూ ప్రోబ్‌ను జరిపింది. సగం దాటగానే అంకె సున్నాకు పడిపోయింది. చాలా బ్రెడ్‌బోర్డులలో ఆ పవర్ వరుస మధ్యలో తెగి ఉంటుంది, పైకి మాత్రం ఒకటే వరుసలా కనిపిస్తుంది. రెండు సగాలనూ చిన్న వైరుతో కలిపితే తప్ప అవతలి సగానికి కరెంటు చేరదు. ఈ సంగతి ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు. వైరు ముక్క గుచ్చగానే ఎల్ఈడీ కొట్టుకోవడం మొదలైంది. ఆమె ఎవరి మెప్పు కోసమూ తలెత్తి చూడలేదు, టైమర్ వేగాన్ని నిర్ణయించే కెపాసిటర్ తీసి రెట్టింపు విలువ ఉన్నది పెట్టి, మెరుపు వేగం సగానికి తగ్గుతుందో లేదో చూడటంలో మునిగిపోయింది.

అక్కడ నేను చేసింది అబ్బాయిని ఆపడం ఒక్కటే. సాయం చేయడానికి వచ్చే చేయి కూడా ఒక్కొక్కసారి నేర్చుకునే క్షణాన్ని ఎత్తుకుపోతుంది. ఇంట్లో కూడా అంతే. రౌటర్ పనిచేయకపోతే, సైకిల్ చైను ఊడిపోతే, ప్లగ్ వదులైతే అన్నయ్యను పిలవడం అలవాటైన ఇంట్లో చెల్లెలికి స్క్రూడ్రైవర్ ఎక్కడ ఉంటుందో కూడా తెలియకుండానే పదహారేళ్లు వస్తాయి.

ఇది అమ్మాయిల స్వభావమేనని, యంత్రాల మీద వాళ్లకు సహజంగానే ఆసక్తి ఉండదని వాదించేవారికి కంప్యూటర్ల చరిత్రే జవాబు చెబుతుంది. 1946 ఫిబ్రవరిలో అమెరికాలో ఎనియాక్ అనే కంప్యూటర్‌ను లోకానికి చూపించారు. ఫిరంగి గుండ్లు ఏ దారిలో ప్రయాణిస్తాయో లెక్కగట్టేందుకు దానికి ప్రోగ్రామ్ తయారుచేసినవారు ఆరుగురు మహిళలు: కాథ్లీన్ మెక్‌నల్టీ, బెట్టీ జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బైలాస్, రూత్ లిక్టర్మన్. అప్పటికి ప్రోగ్రామింగ్ భాషలు లేవు, నేర్పే పుస్తకాలూ లేవు. యంత్రం నిర్మాణ పటాలు ముందు పెట్టుకుని అది ఎలా పనిచేస్తుందో తమకు తామే తెలుసుకుని, వందలాది కేబుళ్లు, స్విచ్‌లు సరైన చోట్ల అమర్చి లెక్క నడిపించారు. ఆ ప్రదర్శన జయప్రదమైన రాత్రి జరిగిన విందుకు వాళ్లకు పిలుపు రాలేదు. కొన్ని దశాబ్దాల పాటు ఆ ఫోటోల్లో ఉన్న ఆడవాళ్లెవరో అడిగినవారు కూడా లేరు. యంత్రం తయారుచేయడం గొప్ప పని, దానికి ఆదేశాలు అమర్చడం గుమాస్తా పని అనుకున్న రోజులవి. అందుకే ఆ పని ఆడవాళ్ల చేతికి వచ్చింది. పనికి గౌరవం, జీతం పెరిగిన కొద్దీ అది మగవాళ్ల పనిగా మారింది. మారింది పని విలువ గాని, ఆడవాళ్ల మెదడు కాదు.

ఆ మార్పు ఎంత వేగంగా జరిగిందో అంకెల్లో కనిపిస్తుంది. అమెరికాలో 1984 నాటికి కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పొందినవారిలో మహిళలు సుమారు 37 శాతం. 2010 ప్రాంతానికి అది 18 శాతానికి పడిపోయింది. ఇరవై ఆరేళ్లలో ఒక జాతి ఆడపిల్లల సహజ ప్రతిభ సగానికి సగం తరిగిపోవడం అసాధ్యం. జరిగిందేమిటంటే, 1980లలో ఇళ్లకు చేరిన చిన్న కంప్యూటర్లను అబ్బాయిల ఆటవస్తువుగా అమ్మారు, చాలా ఇళ్లలో అవి కొడుకు గదిలోకి చేరాయి. ఆ అబ్బాయిలు కాలేజీకి వచ్చేసరికే ప్రోగ్రాములు రాసి ఉన్నారు. అధ్యాపకులు కూడా తెలియకుండానే అది అందరికీ వచ్చినట్టు పాఠం మొదలుపెట్టారు. ఏమీ రాకుండా వచ్చిన అమ్మాయి మొదటి వారంలోనే చుట్టూ చూసి, వీళ్లంతా పుట్టుకతోనే ఇది తెలిసినవాళ్లని, తాను తప్పు చోటికి వచ్చానని అనుకుంది.

ఈ సంగతిని అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ అనే ఇద్దరు ఏళ్ల తరబడి విద్యార్థులతో మాట్లాడి బయటపెట్టారు. అమ్మాయిలకు ముందు ఆత్మవిశ్వాసం సన్నగిల్లుతుందని, ఆసక్తి పోవడం ఆ తరువాత జరుగుతుందని వారు గమనించారు. నా అనుభవంలో ఇంతకంటే నిజమైన మాట వినలేదు. "నాకు ఇంటరెస్ట్ పోయింది మేడమ్" అని చెప్పిన విద్యార్థినిని కాస్త కూర్చోబెట్టి మాట్లాడితే, అంతకు రెండు నెలల ముందు ఒక ల్యాబ్‌లో అందరి ముందూ తెల్లమొహం వేయవలసి వచ్చిన సంఘటన బయటికి వస్తుంది. ఆ విశ్వవిద్యాలయంలో ప్రవేశాలకు ముందస్తు ప్రోగ్రామింగ్ అనుభవానికి ఇచ్చే ప్రాముఖ్యం తగ్గించారు, కొత్తగా నేర్చుకునేవారికి, ఇదివరకే వచ్చినవారికి వేర్వేరు ప్రారంభ కోర్సులు పెట్టారు. 1995లో కంప్యూటర్ సైన్స్‌లో చేరినవారిలో 7 శాతంగా ఉన్న అమ్మాయిలు 2000 నాటికి 42 శాతమయ్యారు. అయిదేళ్లలో ఆడపిల్లలు మారిపోలేదు, తలుపు దగ్గర ఉన్న మెట్టు ఎత్తు తగ్గింది. పాఠం కష్టం మాత్రం అలాగే ఉంది. ప్రమాణాలు తగ్గిస్తే తప్ప అమ్మాయిలు రారని భయపడే సహోద్యోగులకు నేను ఈ ఉదాహరణ తరచుగా చెబుతాను.

తలుపు తెరిచేవారు ఒక్కరున్నా ఎంత తేడా వస్తుందో అయ్యలసోమయాజుల లలిత గారి జీవితం చెబుతుంది. ఆమె 1919లో పుట్టిన తెలుగు ఆడపడుచు. బాల్యంలోనే వివాహమై, 1937లో నాలుగు నెలల పసిపాపతో భర్తను పోగొట్టుకున్నారు. అప్పటి లోకం ఆమె నుంచి ఏమి ఆశించిందో మనకు తెలుసు. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు గారు మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఆచార్యులు. ఆయన ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారితో మాట్లాడారు, అప్పటి వరకు మగవారే ఉన్న కళాశాలలో ఆమెకు సీటు దొరికింది. ఆమెతో పాటు ఆ కళాశాలలో లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా అనే మరో ఇద్దరు యువతులు సివిల్ ఇంజనీరింగ్‌లో చేరారు. ఈ వివరం నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది: వందల మంది మగవాళ్ల మధ్య ఒంటరిగా ఉండటం వేరు, మాట కలపడానికి ఇద్దరు ఉండటం వేరు. డిగ్రీ పట్టాలో ముందే అచ్చువేసి ఉన్న "అతడు" అన్న ఇంగ్లీషు పదాన్ని కొట్టివేసి "ఆమె" అని చేత్తో రాయవలసి వచ్చింది. భారతదేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరుగా ఆమె తరువాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో పనిచేశారు, భాక్రానంగల్ ప్రాజెక్టుకు సంబంధించిన విద్యుత్ పనుల్లో పాలుపంచుకున్నారు, 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సమావేశానికి వెళ్లారు.

తలుపు తెరిచేవారు లేకపోతే ఏమవుతుందో ఎడిత్ క్లార్క్ చూసింది. 1919లో అమెరికాలోని ప్రసిద్ధ సాంకేతిక విద్యాసంస్థ ఎమ్ఐటీ నుంచి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ పట్టా పొందిన తొలి మహిళ ఆమె. అంత పట్టా చేతిలో ఉన్నా ఇంజనీరు ఉద్యోగం ఇచ్చేవారు దొరకలేదు. జనరల్ ఎలక్ట్రిక్‌లో లెక్కలు చేసే మహిళలపై పర్యవేక్షకురాలిగా చేరవలసి వచ్చింది. ఆ కాలంలోనే దూరప్రాంత విద్యుత్ లైన్ల లెక్కలను గీతలతో తేల్చే ఒక సాధనాన్ని తయారుచేసి పేటెంటుకు దరఖాస్తు చేసింది. చివరికి ఆ ఉద్యోగం వదిలి టర్కీకి పాఠాలు చెప్పడానికి వెళ్లిపోయింది. తిరిగి వచ్చాక, 1922లో, అదే కంపెనీ ఆమెను ఇంజనీరుగా తీసుకుంది. ఆమెకు అంత పట్టుదల ఉంది కాబట్టి ఆమె పేరు మనకు తెలుసు. పట్టుదల మామూలుగా ఉన్న ఆడపిల్లకు కూడా ఈ రంగంలో చోటు ఉండాలని నేను కోరుకుంటాను. మామూలు పట్టుదల ఉన్న అబ్బాయిలు ఎందరో మంచి ఇంజనీర్లు అవుతూనే ఉన్నారు కదా.

అమ్మాయిలు లేని చోట తయారైన వస్తువుల వల్ల నష్టపోయేది అమ్మాయిలు మాత్రమే కాదు గాని, వారే ఎక్కువ. కార్ల భద్రతను చాలాకాలం సగటు మగవాడి శరీరాన్ని పోలిన బొమ్మలతోనే పరీక్షించారు. 2011లో వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రమాదాల వివరాలు పరిశీలించి, సీటు బెల్టు పెట్టుకున్నా మహిళా డ్రైవర్లు తీవ్రంగా గాయపడే అవకాశం మగవారితో పోలిస్తే 47 శాతం ఎక్కువని చెప్పారు. 2018లో జాయ్ బువోలంవిని, టిమ్నిట్ గెబ్రూ ముఖం చూసి ఆడో మగో చెప్పే వాణిజ్య సాఫ్ట్‌వేర్లను పరీక్షిస్తే, తెల్లని మేనిఛాయ ఉన్న మగవారి విషయంలో పొరపాట్లు 1 శాతం కూడా లేవు, నల్లని మేనిఛాయ గల మహిళల విషయంలో దాదాపు 35 శాతం వరకు వెళ్లాయి. ఆ లోపాన్ని పట్టుకున్నది ఇద్దరు నల్లజాతి మహిళా పరిశోధకులే కావడం యాదృచ్ఛికం కాదు.

తల్లిదండ్రులకు నేను చెప్పాలనుకునేది ముఖ్యంగా చిన్న వయసు గురించి. 2017లో బియాన్, లెస్లీ, సింపియన్ అనే పరిశోధకులు చేసిన అధ్యయనంలో అయిదేళ్ల ఆడపిల్లలు, మగపిల్లలు ఇద్దరూ తమ తమ వర్గమే చాలా తెలివైనదని అనుకున్నారు. ఆరేళ్లు, ఏడేళ్లు వచ్చేసరికి ఆడపిల్లల్లో ఆ నమ్మకం తగ్గింది, "చాలా చాలా తెలివైన పిల్లల కోసం" అని చెప్పిన ఆటల మీద ఆసక్తి కూడా తగ్గింది. బడిలో మంచి మార్కులు ఆడపిల్లలకే వస్తాయని ఒప్పుకున్న పిల్లలే అలా అన్నారు. అంటే మార్కులు రావడం కష్టపడితే జరిగేదిగాను, తెలివి మరెవరికో పుట్టుకతో వచ్చేదిగాను వాళ్లకు అర్థమైంది. కొడుకు లెక్క చేస్తే "బుర్ర పాదరసం" అని, కూతురు చేస్తే "పాపం, బాగా కష్టపడుతుంది" అని అనే అలవాటు ఇంట్లో ఉంటే దాన్ని ఈ రోజే మానుకోవాలి.

భద్రత గురించిన భయాలను నేను తేలిగ్గా తీసేయను. రాత్రి షిఫ్టు, దూరపు సైటు, వేధించే మనుషులు అన్నీ నిజమే. కానీ ఆ భయానికి మందు సురక్షితమైన రవాణా, వెలుతురు ఉన్న దారి, సైటులో మహిళలకు విడిగా శుభ్రమైన మరుగుదొడ్డి, ఆమె కొలతకు సరిపోయే సేఫ్టీ షూ, ఎత్తులో పనిచేసేటప్పుడు పడిపోకుండా కట్టుకునే హార్నెస్, ఫిర్యాదు చేస్తే వినే యాజమాన్యం. వదులుగా ఉన్న హార్నెస్ వేసుకుని ఎత్తుకు ఎక్కమంటే ఎవరికైనా ప్రమాదమే. దాన్ని చూపించి ఆడవాళ్లకు ఈ పని తగదనడం అన్యాయం. ఇంజనీరును నియమించుకునే సంస్థ ఆమెకు సరిపోయే చెప్పులు కొనలేకపోతే లోపం ఎక్కడుందో వెతకనక్కరలేదు. ఇదివరకే అక్కడ పనిచేస్తున్న ఒక సీనియర్ అక్కతో మీ అమ్మాయిని ఫోనులో మాట్లాడించండి. పది మంది బంధువుల సలహా కంటే ఆ అరగంట ఎక్కువ ఉపయోగపడుతుంది, కష్టాలేమిటో కూడా ఆమే దాచకుండా చెబుతుంది.

ఇక, మొదటి సెమిస్టర్‌లో ప్రోగ్రామింగ్ తప్పి, బ్రాంచి మార్చుకొమ్మని అందరూ చెబుతుంటే ఏం చేయాలో తెలియక నన్ను అడిగే అమ్మాయిలకు నేను ఇచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే. ముందు ఆ జవాబు పత్రం తెప్పించుకో. మార్కులు ఎక్కడ పోయాయో గీత గీసి చూడు. లూపుల్లో పోయాయా, పాయింటర్లలో పోయాయా, లేక తర్కం సరిగానే ఉండి సమయం చాలలేదా అన్నది మూడు వేర్వేరు సంగతులు, మూడింటికీ మందు వేరు. ఆ తప్పిన ప్రశ్నలను పుస్తకం మూసి, కంప్యూటర్ ముందు కూర్చుని నువ్వే మళ్లీ రాయి. ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఎర్రర్ చూపిస్తే అది నీ గురించి చెప్పే తీర్పు అనుకోకు, అది ఏ లైనులో ఏం కుదరలేదో చెబుతోంది, నిదానంగా చదువు. ఎవరినైనా సాయం అడిగితే కీబోర్డు మాత్రం వాళ్లకు ఇవ్వకు, వాళ్లను నోటితో చెప్పమను, టైపు నువ్వు చెయ్యి. సెలవుల్లో ఇలా చేసిన తరువాత కూడా ఈ పని నీకు నచ్చకపోతే బ్రాంచి మార్చుకో, నేనే దరఖాస్తు మీద సంతకం పెడతాను. అది జరిగేదాకా ఆ ఫారం తీసుకోవడానికి ఆఫీసుకు వెళ్లకు, ల్యాబ్‌కు రా, సాయంత్రం అయిదున్నర దాకా తెరిచే ఉంటుంది.